‘గెట్’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు: తెలుగువాళ్లకి పనికొచ్చే లెక్క

అడిగింది ఇది: డిక్షనరీలో ‘గెట్’ అనే క్రియకి పేజీల కొద్దీ అర్థాలున్నాయి, అన్నీ బట్టీ పట్టాలా? ‘ఐ గాట్ ఎ కాల్’ సరైనదైతే ‘ఐ గాట్ ఎ డ్రీమ్’ ఎందుకు తప్పు? ఇంటర్వ్యూలో ‘ఐ గాట్ టు నో’ అంటే ఎందుకు దిద్దారు?

బట్టీ అక్కర్లేదు. డిక్షనరీలో ఆ అర్థాలన్నీ ఇంగ్లీషువైపు నుంచి చూసి విడగొట్టినవి. తెలుగువైపు నుంచి చూస్తే ముడి చాలావరకు ఒక్కచోటే ఉంది.

ఈ వాక్యాలు చూడండి. నాకు ఉద్యోగం వచ్చింది. నాకు జ్వరం వచ్చింది. నాకు కోపం వచ్చింది. నాకు సీటు దొరికింది. నాకు అర్థమైంది. వీటిలో ఎక్కడా కర్త మనం కాదు. వచ్చేది ఉద్యోగం, దొరికేది సీటు. మనం ‘కి’, ‘కు’ తగిలించుకుని ఓ పక్కన నిలబడి ఉంటాం. ఇంగ్లీషులో అలా పక్కన నిలబడే చోటు లేదు. మనిషిని వాక్యం మొదట్లో కూర్చోబెట్టాలి, వచ్చినదాన్ని చివర పెట్టాలి, మధ్యలో గెట్ రావాలి. ఐ గాట్ ఎ జాబ్. ఐ గాట్ ఎ ఫీవర్. ఐ గాట్ యాంగ్రీ. ఐ గాట్ ఎ సీట్. ఐ గాట్ ఇట్. ‘ఫీవర్ కేమ్ టు మీ’ అని తెలుగు మీడియం పిల్లలు రాసేది తెలివితక్కువతనంతో కాదు, తెలుగు వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు దించడం వల్ల.

జబ్బుల దగ్గర ఒక చిన్న చిక్కు: ఫీవర్, కోల్డ్, కాఫ్, హెడేక్ ముందు ‘ఎ’ ఉండాలి. ఫ్లూ ముందు ‘ది’ పెడతారు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ ముందు ఏదీ అక్కర్లేదు: ‘షి గాట్ డెంగీ’.

ఇప్పుడు లెక్క అసలు భాగం. తెలుగులో ‘ఉంది’ అనేచోట ఇంగ్లీషులో హ్యావ్ గానీ, యామ్, ఈజ్, ఆర్ గానీ వస్తాయి. ‘వచ్చింది, అయింది, దొరికింది, చేరాను’ అనేచోట గెట్ వస్తుంది. ఉద్యోగం ఉంది అంటే ‘ఐ హ్యావ్ ఎ జాబ్’, వచ్చింది అంటే ‘ఐ గాట్ ఎ జాబ్’. కోపంగా ఉంది అంటే ‘ఐ యామ్ యాంగ్రీ’, కోపం వచ్చింది అంటే ‘ఐ గాట్ యాంగ్రీ’. ఇంట్లో ఉన్నాను అంటే ‘ఐ యామ్ హోమ్’, ఇంటికి చేరాను అంటే ‘ఐ గాట్ హోమ్’. గెట్ అనేది మార్పు జరిగే క్షణాన్ని పట్టుకునే మాట. లేనిది చేతికి రావడం, కానిది కావడం, అక్కడ లేనివాడు అక్కడికి చేరడం. మార్పు లేకుండా ఉన్న స్థితిని చెప్పాలంటే దానితో పని లేదు. అందుకే ‘నాకు తెలుగు వచ్చు’ అన్నచోట గెట్ పనికిరాదు. అక్కడ ‘వచ్చు’ రూపానికి రావడమే అయినా చెప్పేది స్థితి కాబట్టి ‘ఐ నో తెలుగు’, లేదా ‘ఐ స్పీక్ తెలుగు’. అలాగే ‘ఐ గాట్ ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’ అని రెజ్యూమెలో రాయకండి. అనుభవం ఉంది, కాబట్టి హ్యావ్.

ఈ మాట ఇంగ్లీషు సొంతం కూడా కాదు, స్కాండినేవియా నుంచి వెళ్లి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డవాళ్ల పాత నార్స్ భాషలోని ‘గెటా’ నుంచి దాదాపు 800 ఏళ్ల కిందట వచ్చింది. పాత ఇంగ్లీషులో దీని చుట్టం విడిగా కాక, ముందు ఇంకో ముక్క తగిలించుకునే బతికింది. ‘ఫర్గెట్’లోని గెట్ అదే. పట్టుకోవడం అన్న మూలార్థానికి ‘ఫర్’ అడ్డుపడితే పట్టు జారిపోవడం, అంటే మరచిపోవడం.

కోపం, నిద్ర, బోరు

తెలుగులో మనసుకీ ఒంటికీ కలిగేవన్నీ నామవాచకాలు: కోపం, భయం, నిద్ర, ఆకలి, దాహం, విసుగు. ఇంగ్లీషులో గెట్ తర్వాత వీటికి విశేషణం కావాలి. ‘ఐ గాట్ యాంగర్’ కాదు, యాంగ్రీ. ‘ఐ యామ్ గెటింగ్ స్లీప్’ కాదు, స్లీపీ. భయమేసింది అంటే ‘ఐ గాట్ స్కేర్డ్’. ఆకలి మొదలవుతోంది అంటే ‘ఐ యామ్ గెటింగ్ హంగ్రీ’. మనం ఎక్కువగా జారేది బోరు దగ్గర. ‘బోర్ కొడుతోంది’ని ‘ఐ యామ్ గెటింగ్ బోర్’ అంటారు. ‘బోర్’ అంటే విసిగించే మనిషి లేదా విసిగించడం. ఇక్కడ కావలసింది ‘బోర్డ్’. ‘గెట్ సమ్ స్లీప్’ అని స్లీప్‌ని నామవాచకంగా వాడటమూ ఉంది గానీ, దానర్థం నిద్ర రావడం కాదు, కాసేపు పడుకోమని చెప్పడం.

‘వస్తోంది’ అన్నప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. మూడురోజులుగా జ్వరంతో ఉన్నవాళ్లు కూడా తెలుగులో ‘జ్వరం వస్తోంది డాక్టరుగారూ’ అంటారు. దాన్ని ‘ఐ యామ్ గెటింగ్ ఎ ఫీవర్’ అని చెబితే, ఇంగ్లీషు డాక్టరుకి ఇప్పుడిప్పుడే మొదలవుతున్నట్టు వినిపిస్తుంది. మూడురోజులుగా ఉంది కాబట్టి ‘ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్’. వచ్చి పోతూ ఉంటే ‘ఐ కీప్ గెటింగ్ ఎ ఫీవర్’. జీతం విషయంలోనూ ఇంతే. ‘ఐ యామ్ గెటింగ్ ఫార్టీ థౌజండ్’ అంటే తాత్కాలికంగా నడుస్తున్న ఏర్పాటులా ఉంటుంది. నెలనెలా వచ్చేది ‘ఐ గెట్ ఫార్టీ థౌజండ్ ఎ మంత్’.

ఇక, లెక్క కుదరని చోట్లు. కల వచ్చింది, యాక్సిడెంట్ అయింది, గుండెపోటు వచ్చింది, పాప పుట్టింది. నాలుగింటికీ గెట్ కాదు, హ్యాడ్: ఐ హ్యాడ్ ఎ డ్రీమ్, ఐ హ్యాడ్ యాన్ యాక్సిడెంట్, హి హ్యాడ్ ఎ హార్ట్ ఎటాక్, వుయ్ హ్యాడ్ ఎ బేబీ. బయటినుంచి మన చేతికి చేరేది గెట్ (కాల్, లెటర్, మార్కులు, నోటీసు), మనకి జరిగి ముగిసేది హ్యాడ్ అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు నడుస్తుంది. పాప మాత్రం ఈ సూత్రానికి లొంగదు, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. యాక్సిడెంట్‌కి అమెరికాలో ‘గాట్ ఇంటు యాన్ యాక్సిడెంట్’ అనీ అంటారు. మధ్యలో ఆ ‘ఇంటు’ లేకపోతే వాక్యం నిలబడదు. గుర్తొచ్చింది అంటే ‘ఐ రిమెంబర్డ్’. పేరు గుర్తు రావడం లేదని ‘ఐ యామ్ నాట్ గెటింగ్ హిజ్ నేమ్’ అనడం మన దేశంలో చెల్లుతుంది, బయట చెల్లదు. అక్కడ ‘ఐ కాంట్ రిమెంబర్ హిజ్ నేమ్’. ‘ఐ డిడ్‌న్ట్ గెట్ యువర్ నేమ్’ అంటే మీ పేరు నాకు సరిగ్గా వినపడలేదని, పూర్తిగా వేరే సంగతి.

‘దొరుకు’తో ఇంకో చిక్కు. ‘ఈ మందు ఎక్కడ దొరుకుతుంది?’లో కర్త మందు. దాన్నే పట్టుకుని ‘వేర్ విల్ దిస్ మెడిసిన్ గెట్?’ అంటే అర్థమే ఉండదు, మందు ఏదో తెచ్చుకోబోతున్నట్టు ఉంటుంది. మనిషిని తెచ్చి ముందు పెట్టండి: ‘వేర్ కెన్ ఐ గెట్ దిస్ మెడిసిన్?’

అవడం

గెట్ తర్వాత విశేషణం వస్తే ‘అయ్యాడు’ అని అర్థం గానీ, నామవాచకం వస్తే కాదు. ‘హి గాట్ రిచ్’ అంటే డబ్బున్నవాడయ్యాడు. ‘హి గాట్ ఎ డాక్టర్’ అంటే డాక్టరయ్యాడని కాదు, డాక్టర్ని పిలుచుకొచ్చాడని. డాక్టరైతే ‘హి బికేమ్ ఎ డాక్టర్’. ప్రతి ‘అయింది’కీ గెట్ కుదరదు కూడా. చెడిపోవడం, పాడవడం వైపు మార్పులకి ఇంగ్లీషు ‘గో’ వాడుతుంది: పాలు విరిగితే, అన్నం పాచిపోతే ‘గాన్ బ్యాడ్’ లేదా ‘గాన్ ఆఫ్’, చూపు పోతే ‘వెంట్ బ్లైండ్’, జుట్టు నెరిస్తే ‘వెంట్ గ్రే’. రంగు మారితేనూ, వయసు నిండితేనూ ‘టర్న్’: ‘షి టర్న్‌డ్ ఫార్టీ’. నిద్రపట్టింది అంటే ‘ఫెల్ అస్లీప్’.

పెళ్లి దగ్గర రెండు తప్పులు కలిసి నడుస్తాయి. ఒకటి, ‘సీతతో పెళ్లయింది’ లోని ‘తో’ని పట్టుకుని ‘మ్యారీడ్ విత్’ అనడం. అక్కడ ‘టు’ రావాలి: ‘హి గాట్ మ్యారీడ్ టు సీత’. రెండు, పెళ్లై ఐదేళ్లయిందని చెప్పడానికి ‘ఐ గాట్ మ్యారీడ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అనడం. పెళ్లి జరిగిన క్షణం చెప్పాలంటే గెట్: ‘ఐ గాట్ మ్యారీడ్ ఫైవ్ ఇయర్స్ అగో’. ఇప్పటిదాకా సాగుతున్న స్థితి చెప్పాలంటే గెట్ ఉండదు: ‘ఐ హ్యావ్ బీన్ మ్యారీడ్ ఫర్ ఫైవ్ ఇయర్స్’. క్షణానికి ‘అగో’, వ్యవధికి ‘ఫర్’. కలిపి వండితే రెండూ చెడతాయి.

చేరడం, ఎక్కడం, దిగడం

‘గో’ బయల్దేరి వెళ్లడం, ‘గెట్’ చేరడం. ‘వాట్ టైమ్ డిడ్ యు గో హోమ్?’ అంటే ఆఫీసు నుంచి ఎన్నింటికి కదిలావని, ‘వాట్ టైమ్ డిడ్ యు గెట్ హోమ్?’ అంటే ఇంట్లో ఎన్నింటికి అడుగుపెట్టావని. హోమ్, హియర్, దేర్ ముందు ‘టు’ పెట్టకూడదు. మిగతా చోట్లకి పెట్టాలి: గెట్ టు వర్క్, గెట్ టు ది స్టేషన్. ఇదే పని చేసే ‘రీచ్’కి ‘టు’ అసలే పడదు. ‘రీచ్డ్ టు హైదరాబాద్’ అనేది ఈ రెండింటినీ కలగలిపిన తప్పు. దారి అడగడానికి ‘హౌ డు ఐ గెట్ టు చార్మినార్?’ కంటే సులువైన వాక్యం ఇంగ్లీషులో లేదు.

తెలుగులో ఏ బండైనా ఎక్కడమే, ఏ బండైనా దిగడమే. ఇంగ్లీషులో రెండు వర్గాలు. లోపల లేచి నిలబడి నడవగలిగేవి, పైన కూర్చునేవి అయితే ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’: బస్సు, రైలు, విమానం, ఓడ, సైకిలు, మోటారుసైకిలు, గుర్రం. లోపల ముడుచుకుని కూర్చోవాల్సినవైతే ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్ ఆఫ్’: కారు, ట్యాక్సీ, ఆటో, చిన్న పడవ. మనం బస్సు దిగడానికి వాడే ‘గెట్ డౌన్’ భారతీయ ఇంగ్లీషులో పాతుకుపోయిన మాట, ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, దాన్ని తప్పని కొట్టిపారేయక్కర్లేదు. కానీ బయటి దేశాల్లో ‘గెట్ డౌన్!’ అంటే కిందకి వంగు, నేలకి కరుచుకో అని. పోలీసులు తుపాకీ పట్టుకుని అరిచే మాట అది. బల్ల మీదకెక్కిన పిల్లాణ్ణి కిందకి దిగమనడానికీ వాడతారు. బస్సు దిగడానికి మాత్రం ‘గెట్ ఆఫ్’ అలవాటు చేసుకోండి, ఇక్కడా అక్కడా చెల్లుతుంది.

వస్తువు తెచ్చిపెట్టడానికీ ఇదే క్రియ. ‘గెట్ మీ సమ్ వాటర్’ అంటే కాసిని నీళ్లు పట్రా అని. వెళ్లడం, తీసుకోవడం, తిరిగి రావడం మూడూ అందులోనే ఉన్నాయి. ‘బ్రింగ్’లో తిరిగి వచ్చే భాగమే ఉంది. ఇదే క్రమం మార్చి చెబితే ‘గెట్ సమ్ వాటర్ ఫర్ మీ’ అవుతుంది, ‘టు మీ’ కాదు. ‘గెట్ ది ఫైల్ టు మీ బై ఫైవ్’ అని ‘టు’ వాడితే అర్థం మారుతుంది: నువ్వే తేనక్కర్లేదు, ఎలాగోలా ఐదింటిలోపు నాకు చేరేలా చూడు. ‘ఐ విల్ గెట్ ది డోర్’ అంటే తలుపు కొంటానని కాదు, ఎవరో బెల్లు కొట్టారు, నేను వెళ్లి తీస్తానని. హోటల్లో ‘ఐ విల్ గెట్ దిస్’ అంటే బిల్లు నేనిస్తా అని.

చేశాను, చేయించాను

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. తెలుగులో ‘ఇల్లు కట్టాను’ అంటే తాపీ నా చేతిలో ఉంది. ‘ఇల్లు కట్టించాను’ అంటే డబ్బు నాది, చెమట మేస్త్రీది. బడిలో ప్రేరణార్థకం అని చదువుకున్న ఈ ‘ఇంచు’ తెలుగులో క్రియలోనే ఇమిడిపోతుంది. ఇంగ్లీషు క్రియలో అలా ఇమిడే ముక్క లేదు. అందువల్ల మనవాళ్లు దాన్ని వదిలేసి ‘ఐ రిపేర్డ్ మై బైక్’ అంటారు, వినేవాళ్లు స్పానర్ పట్టుకుని మీరే కూర్చున్నారనుకుంటారు. ‘చేయించాను’కి కావలసిన ఏర్పాటు మూడు భాగాలు, ఈ వరసలోనే: గెట్, తర్వాత వస్తువు, తర్వాత క్రియ మూడో రూపం. ఐ గాట్ మై బైక్ రిపేర్డ్. ఐ గాట్ మై హెయిర్ కట్. ఐ గాట్ మై బ్లడ్ టెస్టెడ్. ఐ గాట్ మై ఫోటో టేకెన్.

ఎక్కడ తప్పుతుందంటే వరస దగ్గర. తెలుగులో ‘రిపేరు చేయించాను’ విడదీయరాని జంటగా వాక్యం చివర ఉంటుంది కాబట్టి ఇంగ్లీషులోనూ జంటని కలిపే ఉంచి ‘ఐ గాట్ రిపేర్డ్ మై బైక్’ అంటారు. వస్తువుని రెండింటి మధ్యలో దూర్చాల్సిందే. వస్తువుని మొత్తానికే వదిలేసి ‘ఐ గాట్ రిపేర్డ్’ అంటే ఇంకా ఘోరం, మిమ్మల్నే ఎవరో రిపేరు చేశారని అర్థం. రెండో తప్పు మూడో రూపం దగ్గర: ‘గాట్ మై ఫోటో టుక్’, ‘గాట్ ది లెటర్ రోట్’ కాదు; టేకెన్, రిటెన్.

తెలుగులో ‘చేయించాను’, ‘చేయించుకున్నాను’ అని ఇంకో తేడా ఉంది. ‘అమ్మకి కళ్లు పరీక్ష చేయించాను’, ‘కళ్లు పరీక్ష చేయించుకున్నాను’. ఈ ‘కొను’ భారాన్ని ఇంగ్లీషులో ‘మై’ మోస్తుంది: ‘ఐ గాట్ మై మదర్స్ ఐస్ టెస్టెడ్’, ‘ఐ గాట్ మై ఐస్ టెస్టెడ్’. ‘మై’ మరిచిపోతే ఎవరి కళ్లో తెలియదు.

ఎవరిచేత చేయించారో చెప్పాలంటే ఏర్పాటు మారుతుంది: గెట్, మనిషి, ‘టు’, క్రియ మొదటి రూపం. ‘ఐ గాట్ ది ప్లంబర్ టు ఫిక్స్ ది ట్యాప్’. ఇక్కడ ‘టు’ తప్పనిసరి. ఇదే అర్థానికి దగ్గరగా ఉండే ‘హ్యావ్’, ‘మేక్’లకి ‘టు’ ఉండకూడదు: ‘ఐ హ్యాడ్ ది ప్లంబర్ ఫిక్స్ ది ట్యాప్’, ‘ఐ మేడ్ హిమ్ ఫిక్స్ ఇట్’. తెలుగులో మూడూ ‘చేయించాను’ అయినా రుచి వేరు. హ్యావ్ అంటే పురమాయించడం, పని మామూలుగా జరిగిపోయింది. మేక్ అంటే బలవంతం. గెట్‌లో మాత్రం కాస్త ప్రయత్నం ఉంది: బతిమాలో, బుజ్జగించో, నచ్చజెప్పో ఒప్పించడం. పిల్లాడిచేత హోంవర్క్ ‘మేక్’ చేశారంటే చేతిలో బెత్తం ఉన్నట్టు, ‘గెట్’ చేశారంటే చాక్లెట్ ఉన్నట్టు. క్లయింటుకి రాసే మెయిల్‌లో ‘వుయ్ విల్ మేక్ ది వెండర్ సైన్’ అని రాయబోతే ఆగండి. ‘గెట్ ది వెండర్ టు సైన్’ అంటే మర్యాదగా ఉంటుంది. మొరాయించే యంత్రానికీ ఇదే వాడతారు: ‘ఐ కాంట్ గెట్ ది కార్ టు స్టార్ట్’.

‘ఐ గాట్ ది రిపోర్ట్ ఫినిష్డ్’ అంటే రెండు రకాలుగా తీసుకోవచ్చు: వేరేవాళ్లచేత చేయించాను, లేదా కిందామీదా పడి నేనే పూర్తిచేశాను. పని మీదే అని తేల్చిచెప్పాలంటే ‘ఐ ఫినిష్డ్ ది రిపోర్ట్’ అనేయండి. ‘ఐ గాట్ మై ఫోన్ స్టోలెన్’తోనూ జాగ్రత్త. ఫోన్ పోయిందనే మీ ఉద్దేశమైనా, చేయించాను అనే రూపం కాబట్టి మీరే దొంగని పురమాయించారన్న అర్థం కూడా దొర్లుతుంది. ‘మై ఫోన్ గాట్ స్టోలెన్’ అంటే గొడవ ఉండదు.

గాట్ స్టోలెన్, గాట్ ఫైర్డ్

‘ఫోన్ దొంగిలించబడింది’ అని తెలుగులో ఎవరూ మాట్లాడరు. ‘ఫోన్ పోయింది’, ‘ఫోన్ కొట్టేశారు’ అంటాం. ఇంగ్లీషులో కర్మణి వాక్యం మాటల్లోనూ బతికే ఉంది, అందులో ‘వాజ్’ బదులు ‘గాట్’ పెడితే ఇంకా మాటలా వినిపిస్తుంది. మనిషికి జరిగిన మంచో చెడో చెప్పేటప్పుడు ఎక్కువగా వస్తుంది: గాట్ ఫైర్డ్, గాట్ కాట్, గాట్ ప్రమోటెడ్. తేడా ఒకటుంది. ‘ది విండో వాజ్ బ్రోకెన్’ అంటే పగిలి ఉందనీ కావచ్చు, పగిలిందనీ కావచ్చు. ‘ది విండో గాట్ బ్రోకెన్’ అంటే పగలడం ఒక్కటే. మళ్లీ ఉండటం, అవడం లెక్కే. అందుకే తెలిసి ఉండటం, నమ్మడం లాంటి స్థితి క్రియలతో ఇది కుదరదు. ‘హి గాట్ నోన్’ అని ఎవరూ అనరు.

మన దగ్గర బాగా కనిపించే తప్పు రెండూ కలిపేయడం: ‘ది వర్క్ వాజ్ గాట్ కంప్లీటెడ్’, ‘మై బ్యాగ్ వాజ్ గాట్ స్టోలెన్’. వాజ్ ఉంటే గాట్ వద్దు, గాట్ ఉంటే వాజ్ వద్దు. ప్రశ్నలోనూ, కాదనడంలోనూ ‘డు, డజ్, డిడ్’ కావాలి. ‘డిడ్’ వచ్చిందంటే భూతకాలం దానికి వెళ్లిపోయింది, గెట్ మామూలు రూపానికి రావాలి: ‘డిడ్ హి గెట్ ఫైర్డ్?’, ‘ఐ డిడ్‌న్ట్ గెట్ సెలెక్టెడ్’. ‘డిడ్ యు గాట్?’ అన్నది రోజూ వినపడే తప్పు.

క్లాసు అయిపోయింది అనడానికి ‘ది క్లాస్ గాట్ ఓవర్’ కూడా మన దేశపు వాడుకే. బయట ‘ది క్లాస్ ఎండెడ్’ లేదా ‘ది క్లాస్ ఈజ్ ఓవర్’. అక్కడ ‘గెట్ ఓవర్’ అంటే జబ్బు నుంచో దుఃఖం నుంచో తేరుకోవడం.

ఇంటర్వ్యూలో దిద్దిన మాట

గెట్ తర్వాత ‘టు’, క్రియ వస్తే మూడు దారులున్నాయి. ‘ఐవ్ గాట్ టు గో’ అంటే వెళ్లాలి, తప్పదు. ‘ఐ గెట్ టు గో’ అంటే వెళ్లే అవకాశం నాకుంది, అదృష్టం. ‘ఐ గాట్ టు గో’ అంటే రాతలో రెండోదాని భూతకాలం, అవకాశం దొరికి వెళ్లాను. కానీ అమెరికన్ల నోట ‘ఐవ్’లోని ‘వ్’ రాలిపోయి ఇదే మాట ‘వెళ్లాలి’ అయిపోతుంది. పాటల్లో, చాటింగుల్లో ‘గాటా’ అని కనిపించేది అదే. పరీక్ష రాతలో ఈ రాలిన రూపం వాడకండి.

‘గెట్ టు నో’ వీటి పక్కనుండే ఇంకో మాట: ఒక మనిషితోనో ఊరితోనో మెల్లమెల్లగా పరిచయం పెరగడం. ‘వుయ్ గాట్ టు నో ఈచ్ అదర్ ఇన్ కాలేజ్’. దానికి రోజులు, నెలలు పడుతుంది. ‘మీ కంపెనీలో ఖాళీలున్నాయని తెలిసింది’ అనేది ఒక్క క్షణంలో చెవినపడ్డ వార్త. దానికి ‘ఐ గాట్ టు నో దట్ యు ఆర్ హైరింగ్’ అంటే దిద్దుతారు మరి. ‘ఐ హర్డ్ దట్ యు ఆర్ హైరింగ్’ అనండి, ప్రకటన చూసి ఉంటే ‘ఐ సా దట్’, వెతికి తెలుసుకుంటే ‘ఐ ఫౌండ్ అవుట్ దట్’. తెలుగులో అన్నీ ‘తెలిసింది’లోనే సర్దుకుంటాయి, ఇంగ్లీషు మాత్రం ఎలా తెలిసిందో కూడా చెప్పమంటుంది.

హ్యావ్ గాట్, గాటెన్

‘ఐవ్ గాట్ టూ బ్రదర్స్’ అంటే ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’ అనే. రూపం గెట్‌దే గానీ అర్థం ‘ఉంది’. బ్రిటన్‌లో ఎక్కువ, వర్తమానంలోనే పనికొస్తుంది. రెండు పద్ధతులూ కలిపి ‘డు యు హ్యావ్ గాట్ ఎ పెన్?’ అనకండి. ‘హ్యావ్ యు గాట్ ఎ పెన్?’ అనండి, లేదా ‘డు యు హ్యావ్ ఎ పెన్?’ అనండి. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ కంటే ఏదైనా మేలే.

‘గాటెన్’ అమెరికా వాళ్లు పుట్టించిన వింత అనుకుంటారు చాలామంది. అది పాత రూపం. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లో ఉంది. తర్వాత బ్రిటన్‌లో వాడుక తగ్గింది, అమెరికాలో నిలిచింది. ‘ఫర్గాటెన్’లో మాత్రం బ్రిటన్‌లోనూ మిగిలింది. అమెరికాలో దానికి పని ఉంది: ‘ఐవ్ గాట్ ఎ కార్’ అంటే కారు ఉంది, ‘ఐవ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించాను. ‘ఐవ్ గాటెన్ టు గో నౌ’ అని ‘వెళ్లాలి’ అర్థంలో వాడితే అక్కడా తప్పే. అమెరికా వెళ్లిన కొత్తలో ‘గెట్ ఇట్’ వాళ్ల నోట ‘గెడిట్’లా వినపడి తికమకపెడుతుంది, రెండు అచ్చుల మధ్య ‘ట’ వాళ్లకి మెత్తబడుతుంది, అంతే.

జోడీ మాటలు కొన్ని

గెట్ పక్కన చిన్న మాట చేరితే వచ్చేవి చాలా ఉన్నాయి. ఆఫీసులో తల నొప్పి తెచ్చేవి మాత్రం చెబుతాను. ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’ అంటే కనుక్కుని మళ్లీ చెబుతాను. ‘ఐ విల్ గెట్ బ్యాక్ ఎట్ యు’ అంటే నీ మీద పగ తీర్చుకుంటాను. ఒక్క ‘టు’కీ ‘ఎట్’కీ మధ్య ఉద్యోగం ఉంది. ‘వాట్ ఆర్ యు గెటింగ్ ఎట్?’ అంటే నీ ఉద్దేశమేంటి, తేల్చిచెప్పు అని, పైవాళ్లతో అనకూడదు. ‘గెట్ అవే విత్’ అంటే తప్పు చేసి శిక్ష లేకుండా తప్పించుకోవడం. ‘గెట్ బై’ అంటే ఉన్నదాంతో నెట్టుకురావడం. ‘గెట్ త్రూ’ లైను కలిసినప్పుడూ, పరీక్ష గట్టెక్కినప్పుడూ. ‘ఐ హ్యావ్‌న్ట్ గాట్ రౌండ్ టు ఇట్’ అంటే చేయాలనే ఉంది, తీరిక చిక్కలేదు. ‘ఐ ఫర్గాట్’ కంటే మర్యాదైన సాకు, అమెరికాలో ‘రౌండ్’ బదులు ‘అరౌండ్’.

పొద్దున ‘మెలకువ వచ్చింది’, ‘లేచాను’ అని మనకీ రెండున్నాయి. మొదటిది ‘వోక్ అప్’, రెండోది ‘గాట్ అప్’. ‘గెట్ యూజ్డ్ టు’ తర్వాత ‘ఇంగ్’ రూపం పెట్టాలి: ‘ఐ గాట్ యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ’. అక్కడి ‘టు’ క్రియకి ముందొచ్చే ‘టు’ కాదు, విభక్తి లాంటిది. అందుకే దాని తర్వాత ‘ది హీట్’ లాంటి నామవాచకం కూడా పెట్టొచ్చు.

అధికారిక ఉత్తరాల్లో గెట్ తగ్గించమంటారు, నిజమే. కానీ దాని బదులు ఏది పెట్టాలో గెట్ చేసే పనిని బట్టి ఉంటుంది. వచ్చి చేరినదానికి ‘రిసీవ్’, ప్రయత్నించి సాధించినదానికి ‘అబ్టైన్’, అవడానికి ‘బికమ్’, చేరడానికి ‘అరైవ్’ లేదా ‘రీచ్’, చేయించడానికి ‘హ్యావ్’. ‘ఐ అబ్టైన్డ్ యువర్ మెయిల్’ అని రాస్తే ఎవరి దగ్గరో తంటాలుపడి సంపాదించినట్టు ఉంటుంది, మెయిల్‌కి ‘రిసీవ్డ్’. అనుమతికి, లైసెన్సుకి ‘అబ్టైన్డ్’. విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, ‘జనరల్ ట్రైనింగ్’ రకంలో స్నేహితుడికి ఉత్తరం రాయమంటే మాత్రం ఈ బరువైన మాటలు పక్కనపెట్టి హాయిగా గెట్ వాడండి. ‘ఐ రిసీవ్డ్ యువర్ లెటర్’ కంటే ‘ఐ గాట్ యువర్ లెటర్’ అక్కడ అతుకుతుంది.